గాజుకి కుట్టు ఉండదు

జూన్ 4

164/102.

డాక్టరు రోజూ ఉదయం బీపీ చూసుకుని రాసిపెట్టుకోమన్నాడు. షాపులో సగం వాడిన కొలతల పుస్తకం ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. ముందు పేజీల నిండా జనాల ఛాతీలు, నడుములు. వెనక పేజీల్లో ఇక నా రక్తపోటు. అంకెతోపాటు ఆ రోజు మనసెలా ఉందో కూడా ఒక ముక్క రాయమన్నాడు. నా మనసుకేం, భేషుగ్గా ఉంది. ముప్ఫై నాలుగేళ్లుగా కోట్లు కుడుతున్నవాడికి మెడనొప్పి ఉంటుంది గానీ మనసు నొప్పేమిటి?

చేపల్ని చూస్తూ కూర్చుంటే బీపీ దిగుతుందని కూడా ఆయనే అన్నాడు. ఆయన గదిలో చిన్న తొట్టి ఉంది, అందులో బొటనవేలంత చేపలు నాలుగు. అవి నా కంటికి ఆనలేదు. పెంచితే అరోవానానే పెంచాలి. ఫోన్లో చూశాను. బారెడు ఒళ్లు, కోటు బొత్తాలంతేసి పొలుసులు, గడ్డం దగ్గర రెండు మీసాలు. ఇల్లంతా తన పేరనే రాసినట్టు తిరుగుతుంది.

మా ఆవిడతో చెప్పాను. "బీపీ తగ్గడానికి చేపెందుకండీ? నోరు తగ్గిస్తే చాలదూ?" అంది. ఆవిడకి సైన్సు తెలియదు.

జూన్ 5

160/100. తొట్టి మా పిల్ల గదిలో పెడతాను. అది వెళ్లి మూడు నెలలవుతోంది, గది ఊరికే పడి ఉంది. దాని గది అని తలుపు మీద రాసి ఉందా ఏమన్నా?

జూన్ 6

166/100. రాసి ఉంది. ఏడో తరగతిలో స్కెచ్ పెన్నుతో రాసింది. "తలుపు కొట్టి రావలెను. నాన్న కూడా." ఇన్నేళ్లూ ఎలా చూడలేదో.

జూన్ 9

162/100.

చేపల షాపుకి వెళ్లాను. నడిపేది ఒక పెద్దావిడ. కాలేజీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారట. ఇప్పటికీ ఆవిడ చూపు చూస్తే మనల్ని కూడా జాడీలో వేసి మూత బిగిస్తారేమో అనిపిస్తుంది.

"అరోవానా కావాలండీ" అన్నాను.

"ఏ అరోవానా?"

"పెద్దది."

ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు. "మీరేం చేస్తుంటారు?"

"టైలర్నండీ. కోట్లు."

"మీ షాపుకొచ్చి ఎవరైనా 'కోటు, పెద్దది' అంటే కుట్టేస్తారా?"

అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు. సిల్వర్ అందరికీ అందుబాటులో ఉంటుంది, గబగబా పెరుగుతుంది, మూడడుగుల దాకా వస్తుంది. బ్లాక్ అని ఉంది, చిన్నప్పుడు నల్లచార, పెద్దయ్యాక ఏ రంగూ తేలదు, మహా పిరికిది, నీళ్లు మార్చినా బెంగపెట్టుకుంటుంది. జార్డినికి ఒళ్లంతా ముత్యాల చుక్కలు, ముక్కు మీద కోపం. పక్కన ఇంకో ప్రాణిని బతకనివ్వదు. ఆసియా జాతిలో ఎర్రది, బంగారుది, పచ్చది ఉన్నాయి. ఒంట్లో చిప్, చేతికి సర్టిఫికెట్ లేకుండా వాటిని అమ్మరు. ఎవరి పిల్లో, ఎక్కడ పుట్టిందో, ఇప్పుడెక్కడుందో అన్నీ అందులో ఉంటాయట.

చేపకి ఉన్నపాటి అడ్రసు... సరేలే.

జూన్ 11

168/104. డాక్టరు, ఈ మధ్య ఇంట్లో ఏమైనా జరిగిందా అని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఇక్కడైతే రాయొచ్చు, ఎవరు చదవొచ్చారు.

జరిగింది ఇంతే. లైబ్రరీలో పనిచేసే ఒకాయన మా షాపుకి పాత ఖాతా. ఏళ్ల తరబడి ఒకే భుజానికి పుస్తకాల సంచి తగిలించుకుని ఆ ఎడమ భుజం దిగిపోయింది. అలాంటి భుజానికి లోపల ప్యాడ్ ఎత్తు పెంచి, పైకి రెండు భుజాలూ సమానంగా కనపడేలా కుట్టాలి. మా గురువు నాకు నేర్పిందీ, నేను పిల్లకి నేర్పిందీ అదే. ఇదేం చేసింది? ప్యాడే తీసేసి, కోటు కూడా ఆ భుజంతోపాటు వాలేలా కత్తిరించింది. నన్నడగలేదు. ట్రయల్ రోజు ఆయన అద్దం ముందు నిలబడ్డాక చూశాను.

నేనన్నది ఒక్క మాట. "కత్తెర కింద పెట్టు."

పెట్టేసింది. సాయంత్రానికల్లా సూట్‌కేసు సర్దుకుని, ఉద్యోగం చేసే ఆడపిల్లల హాస్టల్‌కి వెళ్లిపోయింది. ఇప్పుడు యూనిఫాంల ఫ్యాక్టరీలో అరవై పొరల గుడ్డని ఒకేసారి మిషన్‌తో కోస్తోందట. మా ఆవిడ చెప్పింది. నేనడగలేదు.

ఒక్క మాటకి ఇల్లు వదిలిపోతారా ఎవరైనా?

జూన్ 12

159/98. పిల్ల గదిలో కొలతలు తీశాను. దాని కటింగ్ బల్లకీ కిటికీ గోడకీ మధ్య మంచి జాగా ఉంది. మా బావమరిదిది గాజు దుకాణం, వాడికి ఫోన్లో చెప్పేశాను. ముప్ఫై నాలుగేళ్ల టేపు ఇది, వెంట్రుకవాసి తేడా రాదు అన్నాను. నవ్వాడు. వాడికన్నీ నవ్వులాటే.

జూన్ 20

171/104.

తొట్టి వచ్చింది. నలుగురు మోసుకొచ్చారు. గదిలో పట్టలేదు. రెండంగుళాలు ఎక్కువైంది.

"బావా, డెబ్బై నాలుగని నువ్వే చెప్పావు" అన్నాడు బావమరిది. ఫోన్లో రికార్డు కూడా ఉందట, వినిపిస్తానన్నాడు. అక్కర్లేదన్నాను.

"గోడ వంకరగా ఉంది" అన్నాను.

వాడు గోడకి చెంప ఆనించి ఒక కన్ను మూసి చూశాడు. "గోడ నిక్షేపంలా ఉంది బావా. ఆ బల్ల ఇలా రెండంగుళాలు జరిపితే సరిపోదూ?"

"అది చాలా బరువు" అన్నాను.

నలుగురు మనుషులు గాజు తొట్టి పట్టుకుని నిలబడి ఉన్నారు, నేను బల్ల బరువంటున్నాను. చివరికి హాల్లో పెట్టించాను. పిల్ల గది గుమ్మానికి సగం అడ్డం వచ్చింది. ఇక లోపలికి పోవాలంటే పక్కకి తిరిగి నడవాలి.

జూన్ 21

167/100. ఇది పుస్తకంలో తప్ప ఎక్కడా చెప్పలేను. గోడ వంకర లేదు. ఆడలేక మద్దెల ఓడన్నాను. జాగా డెబ్బై రెండు అంగుళాలే. దానికి అటో అంగుళం ఇటో అంగుళం కలిపాను. ఎందుకంటే ముప్ఫై నాలుగేళ్లుగా ఏ కొలత రాసినా కుట్టుకి కాస్త వదిలి రాయడం చేతికి అలవాటైపోయింది. చెయ్యి రాసింది, నోరు చదివింది.

కుట్టుకి వదిలాను. గాజుకి!

జూన్ 25

163/99. తొట్టిలో నీళ్లు పోశాం. టన్ను బరువు దాకా ఉంటుందట, ఇక కదలదు. చేపని ఇప్పుడే వెయ్యకూడదట. చేపలావిడ, నెల రోజులు ఉత్త నీళ్లు తిప్పాలన్నారు. నీళ్లలో ఏవో పుట్టాలి, అవి నిలదొక్కుకోవాలి, అప్పుడే చేప బతుకుతుందట.

ఉత్త నీళ్ల ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా ఆవిడ టీ తెచ్చిచ్చి నా వంకా తొట్టి వంకా చూసింది. "ఏం కనపడుతోందండీ?" అంది.

గాజులో నా మొహం కనపడుతోంది. ఆ మాట చెప్పలేదు.

జూన్ 28

సాన పట్టేవాడు వచ్చాడు. నా కత్తెరలు రెండు ఇచ్చాను. దానిది కూడా ఇచ్చాను. ఎవరూ వాడనిదానికి సానెందుకంటే, ఇనుము కదా, ఊరికే ఉంటే పాడవుతుంది.

బీపీ చూసుకోవడం మర్చిపోయాను.

జూలై 2

158/96. సిల్వర్ ఖాయం. వెండి తీగ లాగినట్టుంటుంది. ఇక తిరుగు లేదు.

జూలై 3

165/100. సిల్వర్ కాదు.

"మీ తొట్టి వెడల్పెంత?" అని అడిగారు చేపలావిడ. రెండున్నర అడుగులన్నాను. "మూడడుగుల చేప రెండున్నరలో ఎలా వెనక్కి తిరుగుతుంది? వెన్ను వంగిపోతుంది, లేదంటే ఎగిరి బయటికి దూకేస్తుంది."

"దూకుతుందా? వేళకి మేత పెట్టి, ఇంత ఖర్చు పెట్టి పెంచితే? ఎంత పొగరండీ!"

"పొగరు కాదు, ఇరుకు" అన్నారావిడ, వేరే తొట్టి తుడుచుకుంటూ.

ఆవిడ అన్నది చేప గురించే. దారంతా ఎందుకు నమిలానో ఆ మాట, తెలియదు.

జూలై 8

161/98. జార్డిని అనుకుంటున్నాను. దాని ముత్యాల చుక్కలు, ఆ దర్జా. తొట్టి కూడా సరిపోతుంది. మా ఆవిడకి గుణగణాలన్నీ చదివి వినిపించాను. ఒంటరిగా ఉంటుంది, పక్కన ఎవరినీ సహించదు, తన జాగాలోకి ఏదొచ్చినా మీద పడుతుంది, అద్దంలో తన నీడని చూసి కూడా కొట్టుకుంటుంది.

ఆవిడ కూరగాయలు తరుగుతూ తలెత్తకుండా అంది. "ఒకటి ఉందిగా ఇంట్లో. రెండోది దేనికి?"

పుస్తకం మూసేశాను. జార్డిని కాదు.

బ్లాక్? అది బెంగపెట్టుకునే చేప. బెంగపెట్టుకునేవాళ్లంటే నాకు చిరాకు.

జూలై 12

169/102. ఆదివారం. మా ఆవిడ పొద్దున్నే డబ్బా కట్టుకుని హాస్టల్‌కి వెళ్లింది. వచ్చాక ఏమీ చెప్పలేదు. నేనడగలేదు. రెండుసార్లు గ్లాసు కింద పడేశాను, అప్పుడు చెప్పింది. పిల్ల చూపుడువేలు మిషన్ బ్లేడుకి తగిలి తెగిందట, రెండు కుట్లు పడ్డాయట. పనికి వెళుతూనే ఉందట.

నేనన్నది ఒక్క మాట అని రాశాను కదా పైన. రెండో మాట కూడా ఉంది. "జనం ఈ షాపుకి నా పేరు చూసి వస్తారు, నీ మొహం చూసి కాదు." అయినా కోపంలో అన్నది లెక్కలోకి రాదు.

జూలై 15

174/106.

లైబ్రరీ ఆయన వచ్చాడు. నేను టేపు మెడలో సర్దుకుని, ఆ కోటుకి వంక పెడతాడేమోనని ఎదురుచూశాను. ఒంటి మీద అదే కోటు, అప్పుడు నేనే విసుక్కుంటూ బొత్తాలు కుట్టి పంపింది. భుజం చక్కగా ఆయన భుజంతోపాటు వాలి ఉంది, ఎక్కడా ఒక్క ముడత లేదు.

"ఇంకోటి కావాలి మాస్టారూ. అచ్చం ఇలాగే, ఆ అమ్మాయే కత్తిరించాలి" అన్నాడు. "ఇన్నేళ్లూ నా భుజం దాచుకోవడానికి కోటు వేసుకున్నాను. దీనిలో ఒళ్లు హాయిగా ఉంది."

"నేనే నేర్పానండీ దానికి" అన్నాను, సిగ్గు లేకుండా.

"చేపపిల్లకి ఈత నేర్పేదేముంది మాస్టారూ!" అని నవ్వేశాడు. "లేదా, అమ్మాయి?"

"సెలవులో ఉంది."

నాలుగు నెలల సెలవు.

జూలై 19

170/104. మూడు రోజులుగా కత్తిరిస్తున్నాను, పాత దుప్పటి మీద. ప్యాడ్ లేకుండా కాలర్ లేచిపోతోంది. ప్యాడ్ పెడితే ఆయన అడిగిన కోటు కాదు. పిల్ల చెయ్యి ఆయన భుజం మీద గుడ్డ వేసి, అదెటు జారుతుందో చూసి, దాని దారినే కత్తిరించింది. నేను భుజాన్ని నా దారికి తెచ్చుకోవాలని చూస్తాను. నాకు రావడం లేదు. రాసేశాను. నాకు రావడం లేదు.

జూలై 21

172/104.

నీళ్లు సిద్ధమయ్యాయేమో చూడమని సీసాలో పట్టుకెళ్లాను. సిద్ధమయ్యాయన్నారు చేపలావిడ. ఇక ఏ చేపో తేల్చమన్నారు. ఆసియా జాతే నయం కదా అన్నాను. ఎర్రదా, బంగారుదా, పచ్చదా అని నసుగుతుంటే ఆవిడకి విసుగొచ్చి ఫోన్లో ఒక బొమ్మ చూపించారు. చేప దవడ కింద సంచిలా ఉబ్బి ఉంది.

"జబ్బా?"

"తండ్రి" అన్నారు. "ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మగది అన్నిటినీ నోట్లో పెట్టుకుంటుంది. పిల్లలై, సొంతంగా ఈదేదాకా. రెండు నెలలు పట్టొచ్చు. మేత ముట్టదు."

"రెండు నెలలు నోరు మూసుకునే ఉంటుందా?"

"నోరు జారితే పిల్లలు పోతాయి కదండీ."

షాపు బయట మెట్టు మీద కూలబడ్డాను. ఆవిడ మంచినీళ్లు తెచ్చిచ్చారు, బీపీ ఉందా అని అడిగారు. ఉందన్నాను.

మూడో మాట కూడా ఉంది. ఆ రోజు, అద్దం ముందు ఆయన వింటుండగా, ఇరవై ఆరేళ్ల పిల్లని పట్టుకుని అన్నాను. "నీకు చెయ్యి రాలేదు. ఎన్నేళ్లయినా రాదు." అప్పటికి ఆ కోటు బాగుందని నాకు తెలుసు. తెలిసే అన్నాను. నాకు భయమేసింది. ఇక్కడ తప్పితే ఎక్కడ రాస్తాను, నా కూతురు నన్ను మించిపోయిందని భయమేసింది. అందుకని నోరు పారేసుకున్నాను, పిల్లని పారేసుకున్నాను.

జూలై 23

ఉదయం 176/106.

పిల్లకి ఫోన్ చేశాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. అది "నాన్నా?" అనేసరికి కాగితం మీద అక్షరాలు కనపడలేదు.

"అరోవానా కొంటున్నాను" అన్నాను.

"అమ్మ చెప్పింది."

"ఎర్రదా, బంగారుదా, పచ్చదా తేలడం లేదు. నువ్వొచ్చి చూస్తావేమోనని."

"నాలుగు నెలల తర్వాత చేప కోసం ఫోన్ చేశావా నాన్నా?"

"అవును" అన్నాను. అబద్ధాలకోరు వెధవని.

"సరే. ఆదివారం వస్తా."

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. "ఏమందండీ?" అని నన్నే అడిగింది. వాళ్లిద్దరూ రోజూ మాట్లాడుకుంటారు, అయినా నా నోటితో వినాలట.

జూలై 26

ఉదయం 170/102.

పదింటికి వచ్చింది. వేలికి కట్టు ఉంది. చిక్కింది. తొట్టి ముందు నిలబడి "ఇందులో ఏముంది?" అంది. నీళ్లన్నాను. పక్కకి తిరిగి సందులోంచి తన గదిలోకి వెళ్లింది. లోపల ఏమీ కదపలేదు మేము. సుద్ద, టేపు, బల్ల, బల్ల మీద దాని కత్తెర. సాన పట్టించాక అక్కడే పెట్టాను. చాలాసేపు బయటికి రాలేదు. నేను తలుపు కొట్టలేదు. కొట్టి రావలెనని ఉంది గానీ, కొట్టడానికి చెయ్యి రాలేదు.

వచ్చాక తొట్టి పొడుగునా జానలు వేసుకుంటూ నడిచింది. చివర ఆగింది.

"డెబ్బై నాలుగా ఇది?"

నేను గోడ వంక చూశాను.

"లోపల జాగా డెబ్బై రెండే. నాకు తెలుసు, ఆ బల్ల వేసిన రోజు నేనే కొలిచాను. అటో అంగుళం, ఇటో అంగుళం..." నా మొహంలోకి చూసింది. "నాన్నా! కుట్టుకి వదిలావా?"

"గోడ వంకరన్నారు కదండీ!" అంది మా ఆవిడ.

పిల్ల నేల మీద కూలబడి నవ్వింది. "గాజుకి కుట్టేంటి నాన్నా!" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వింది. మా ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. ఈ సంగతి లోకంలో ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు. అది ఒక్క చూపులో పట్టేసింది, నా దగ్గర పని నేర్చుకున్నది కాబట్టి.

"అయినా, బల్ల రెండంగుళాలు జరిపితే పట్టేది కదా?" అంది కాసేపటికి.

"బరువమ్మా అది."

లేచి వెళ్లి బల్లని తుంటితో ఒక్క తోపు తోసింది. కిర్రుమంటూ జరిగింది. మళ్లీ దాని చోట్లోకి తోసింది. "ఏదీ బరువు?"

"జరపబుద్ధి కాలేదు" అన్నాను. "నువ్వెప్పుడొచ్చినా అది నువ్వు వదిలినచోటే ఉండాలని."

అది నవ్వడం మానేసింది. అప్పుడు చెప్పాను, కాగితం లేకుండానే. "ఆ రోజు చెయ్యి రాదన్నాను. అబద్ధం. నాకన్నా నీ చెయ్యి మంచిది, అది చూసే అరిచాను. తప్పు నాదే."

"ఆయన ముందు అన్నావు నాన్నా" అంది, మెల్లగా. "విడిగా అనుంటే మర్నాటికి మర్చిపోయేదాన్ని."

"ఆయన ముందే చెబుతాను."

ఫ్యాక్టరీ మానదట. హాస్టల్ కూడా ఇప్పుడే వదలదట. ఆదివారాలు వచ్చి ఆ కోటు కత్తిరిస్తుందట. నేనేమైనా అనబోతే మా ఆవిడ నా కాలు తొక్కింది.

పోతూ పోతూ గుమ్మంలో అంది. "పచ్చది తీసుకో. ఎరుపుకి కోపంలో నీ మొహం చాలు. మూత బరువుగా పెట్టు, అది దూకేస్తే మళ్లీ ఆ నేరం నా మీదకొస్తుంది."

సాయంత్రం 138/86. మిషన్ పాడైందేమోనని మళ్లీ చూశాను. 136.

జూలై 30

145/90. పచ్చది వచ్చింది. నిజానికి పచ్చగా ఏం లేదు, బూడిదకి దగ్గర. బెత్తెడు ఉంది. ఆరడుగుల తొట్టిలో ఎక్కడుందో వెతుక్కోవాలి. సర్టిఫికెట్ పిల్ల గదిలో బల్ల సొరుగులో పెట్టాను, తలుపు కొట్టే వెళ్లాను.

ఆగస్టు 9

ఉదయం 148/90.

ఇవాళ ఆయన ట్రయల్. షాపు ఆదివారం తెరిచాం. కోటు కచ్చా కుట్టు మీద ఉంది. పిల్ల ఆయన చుట్టూ తిరుగుతూ గుండుసూదులు పెడుతోంది. నేను ఇస్త్రీబల్ల పక్కన నోరు మూసుకుని నిలబడ్డాను. గడియారం చూశాను, పదకొండు నిమిషాలు. చేపకి రెండు నెలలట.

పన్నెండో నిమిషంలో ముందుకెళ్లాను. పిల్ల చెయ్యి ఆగిపోయింది.

"అయ్యా, ఆ రోజు మీ ముందు మా అమ్మాయికి చెయ్యి రాదన్నాను. అది నిజం కాదు. కుళ్లుకుని అన్నాను. మీ ఒంటి మీదున్న ఈ పని నాకు చేతకాదు. మూడు రోజులు ప్రయత్నించి చూశాను కూడా."

ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు. "ఆ రోజే తెలుసు మాస్టారూ" అన్నాడు. "మీరు చెప్పాలి కదా అని ఊరుకున్నాను."

పిల్ల నా వైపు తిరక్కుండా చెయ్యి వెనక్కి చాపింది. "నాన్నా, కత్తెర."

దాని కత్తెర తీసి దాని చేతిలో పెట్టాను. కుడిచేతి పొడవు అరంగుళం ఎక్కువైందేమో అనిపించింది. నోటిదాకా వచ్చింది, మింగేశాను. అది ఆయన్ని చెయ్యి మడవమంది, చూసింది, సుద్దతో గీత పెట్టింది. సరిగ్గా అరంగుళం.